మా ప్రాణహిత చంచలం కాదు

పోయిన వారం మా బిడ్డకి బళ్ళో మరాఠీ నిబంధ్ (వ్యాసం) ఒకటి రాసుకురమ్మన్నారు. 'నదీచే మనోగత్', అంటే నది తన సంగతి తనే చెప్పుకుంటున్నట్టు రాయాలి. మరాఠీ మీడియంలో చదివినవాళ్ళందరికీ ఇది తెలుసు, మేం చదివేటప్పుడూ ఇదే రాశాం, నది కాకపోతే చిరిగిపోయిన పుస్తకం, అదీ కాకపోతే రోడ్డు పక్క ముసలి చెట్టు. మాది సిరొంచ. గడ్చిరోలి జిల్లాకి దక్షిణాన అట్టడుగున ఉంటాం, పక్కనే ప్రాణహిత, అవతలి ఒడ్డున తెలంగాణ. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో రెండూ కలిపి. నది గురించి రాయమంటే మా పిల్ల ఇంకే నదిని తలుచుకుంటుంది? పెన్ను తీసి మొదటి వాక్యం టకటకా రాసేసింది: "మీ సతత్ బదల్ణారీ నదీ ఆహే."

అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆమెకి మరాఠీ వింటే అర్థమవుతుంది, కానీ ఏదైనా తెలుగులో చెప్తేనే మనసుకి పడుతుంది. "ఏం రాసిందే, చెప్పు" అంది. నేను పెద్దగా ఆలోచించకుండా "నేను చంచలమైన నదిని, అని రాసింది" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. "చంచలమా? నది చంచలమెట్లయితది? అదేమన్న మాట తప్పిందా? నది మారుతది. మారుడు దాని గుణం." అంతే, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

ఆమె అన్నది అక్కడే మర్చిపోయి ఉండొచ్చు, నేను మాత్రం వారం రోజులుగా అదే పట్టుకుని ఉన్నాను. ఎందుకంటే ఆమె చెప్పింది కరెక్ట్. ఎందుకు కరెక్టో నాకు వెంటనే తెలియలేదు, కానీ నా మాట తప్పని చెవికి తెలిసిపోయింది. ఎప్పుడూ మారుతూ ఉండేదాన్ని తెలుగులో ఏమనాలి అని ఎవరినడిగినా మొదట నోటికొచ్చే మాట చంచలమే. దాని వెనకే అస్థిరం, చపలం, ఇంకాస్త పుస్తకం వాసన కావాలంటే పరివర్తనశీలం వస్తాయి. ఇవన్నీ ఒకటే అనుకుని ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. ఒకటి కానే కావు.

చంచలం సంస్కృతం నుంచి వచ్చింది. 'చల్' అనే ధాతువుకి కదలడం అని అర్థం. ఆ ధాతువునే రెండుసార్లు పలికితే, అంటే కదిలి కదిలి, ఆగకుండా కదిలితే, చంచలం. మన మిలమిల, రెపరెప, గలగల ఎలా పుట్టాయో ఇంచుమించు అలాగే. మాటలోనే కుదురులేనితనం వినిపిస్తుంది. దీనికి తోబుట్టువులు చాలా ఉన్నాయి: చలనం, సంచలనం, విచలితం, నిశ్చలం. అచలం అంటే కదలనిది, అందుకే కొండకి ఆ పేరు, సింహాచలం, అరుణాచలం. మా వీధిలో వెంకటాచలం అని ఒక పెద్దాయన ఉండేవాడు, అందరూ చలం మామా అని పిలిచేవాళ్ళు, పిలుపు కోసం ముందున్నదంతా తీసేస్తే కదలని కొండ కాస్తా కదిలేదైపోయింది. చిన్నప్పుడు ఇది తెలిసి ఎంత ఆశ్చర్యపోయానో ఇప్పటికీ గుర్తుంది, ఒక్క 'అ' తీస్తే కొండ నడుస్తుంది.

సంస్కృతంలో చంచల అంటే మెరుపు కూడా. లక్ష్మీదేవికీ ఆ పేరుంది. మెరుపుకి ఎవరూ తప్పు పట్టరు కదా, కాబట్టి అక్కడ ఆ మాట పరిధి పెద్దది. తెలుగులోకి వచ్చాక మనం దాన్ని ఎక్కువగా ఒక పక్కకే వాడుకున్నాం. చంచల స్వభావం, చంచల మనస్కుడు, చిత్త చాంచల్యం. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్లవాడిది కొంచెం చంచల స్వభావం" అని ఎవరైనా అన్నారంటే ఆ సంబంధం సగం చెడినట్టే.

ఇక్కడే మా సరిహద్దు ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. నేను నాలుగో తరగతిలో ఉండగా బాపుని బడికి పిలిచారు. టీచరమ్మ నవ్వుతూ "ములగీ ఖూప్ చంచల్ ఆహే" అంది. మరాఠీలో, హిందీలో పిల్లల్ని చంచల్ అన్నారంటే ఒక్కచోట కూర్చోదు, హుషారు, కళ్ళు నలుదిక్కులా తిరుగుతుంటాయి అని, అందులో కాస్త ముద్దు కూడా ఉంటుంది, ఆ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు కూడా ఉన్నారు. బాపు చెవిలో పడింది మాత్రం తెలుగు చంచలం. ఇంటికొచ్చేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర అమ్మతో మెల్లగా అన్నాడు, "పిల్ల మనసు నిలకడగ లేదంట". నాకు ఏడుపొక్కటే తక్కువ. ఒకే మాట, ఒకే అక్షరాలు, నది ఇవతల ముద్దు, అవతల మచ్చ. ఇంకో రెండేళ్ళకి గానీ బాపుకి ఆ తేడా నేను విడమర్చి చెప్పలేకపోయాను. చెప్పాక ఆయన చాలాసేపు నా తల నిమురుతూ కూర్చున్నాడు.

ఈ వారం భగవద్గీత తీసి ఆరో అధ్యాయం మళ్ళీ చూశాను, ఎందుకంటే చంచలం అనే మాట మనలో చాలామందికి మొదట తగిలేది అక్కడే. అర్జునుడు 34వ శ్లోకంలో "చంచలం హి మనః కృష్ణ" అంటాడు. మనసు చంచలం, బలమైనది, దాన్ని అదుపు చెయ్యడం గాలిని పట్టడమంత కష్టం అని. ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. గాలిని పోలిక తెచ్చాడు, కానీ చంచలం అన్నది మనసుని. గాలి తిరగడం గాలికి సహజం. మనసు ఒకచోట నిలవాలని మనం కోరుకుంటున్నాం, అది నిలవడం లేదు, ఆ ఫిర్యాదే చంచలం. అదే అధ్యాయంలో 26వ శ్లోకంలో "మనశ్చంచలమస్థిరం" అని రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ అచ్చంగా ఒకటే అయితే పక్కపక్కన పెట్టడం దేనికి? నాకు అర్థమైనంతలో చంచలం కదలిక గురించి చెప్తుంది, అస్థిరం నిలబడలేకపోవడం గురించి చెప్తుంది. అందుకే పేపర్లో అస్థిర ప్రభుత్వం అని రాస్తారు గానీ చంచల ప్రభుత్వం అనరు. అస్థిరంలో ఎప్పుడు పడిపోతుందో అన్న భయం ఉంది.

చపలం ఇంకో రకం, అందులో ఆశ లాగుతుంటుంది. జిహ్వ చాపల్యం అంటాం, నాలుక తిండి వైపు పోతోందని. లోలం అంటే ఊగేది. చెవులకి పెట్టుకునే లోలాకులు, సైన్సు పుస్తకంలో లోలకం, రెండూ అక్కడివే. లోలకం ఎంత ఊగినా దాని మేకు కదలదు, పోయిన చోటికే పోతుంది, వచ్చిన చోటికే వస్తుంది. మిర్చి రేటు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఉందనుకోండి, పేపరువాళ్ళు ఒడుదొడుకులు అని రాస్తారు, మా దగ్గర రైతులు "రేటు నిలబడ్తలేదు" అంటారు. ఎవరి మాట వాళ్ళకి సరిగ్గా అతుకుతుంది.

వీటన్నిటికీ ఎదురుగా నిలబెట్టదగ్గ మాట మన దగ్గర ఒకటుంది, కుదురు. ఇప్పటి పిల్లలకి కుదురుగా కూర్చో అంటే బుద్ధిగా కూర్చో అని మాత్రమే తెలుసు. మా అమ్మకి కుదురు అంటే వస్తువు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కదా, నేల మీద పెడితే దొర్లుతుంది, అందుకని గడ్డినో పాత గుడ్డనో తాడులా మెలిపెట్టి చుట్టలా చుట్టి కింద పెడతారు. అదే కుదురు. ఎండాకాలం రాగానే అమ్మ పాత చీర చింపి తడిపి చుట్టేది, మధ్యలో పిడికిలి పెట్టి నొక్కి గుంట చేసేది, దాని మీద రంజన్ ఎక్కించి రెండు చేతులతో ఇటూ అటూ ఒకసారి తిప్పి చూసేది. కదలకపోతేనే నీళ్ళు పోసేది. కుదురులేని మనిషి అన్నప్పుడు మనం చెప్పేది ఇదే, కింద చుట్ట లేని కుండ, ఎవరు తగిలినా అటే దొర్లుతుంది. నాకు చంచలం అనే మాటకి ఇంతకంటే మంచి అర్థం ఏ నిఘంటువులోనూ దొరకలేదు. ఉండాల్సిన చోటు ఒకటి ఉండి, అక్కడ ఉండలేకపోతే అది చంచలం.

మరి నదికి ఉండాల్సిన చోటు ఏది?

మా ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లే. పైన వార్ధా, వైన్‌గంగ కలిసిన చోట ఈ పేరు మొదలవుతుంది, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసి ఈ పేరు అయిపోతుంది. పేరు చిన్నది గానీ నీళ్ళు మాత్రం చాలా పెద్దవి, విదర్భలో వాన పడిందంటే అదంతా మా ముందు నుంచే పోవాలి. వంతెన రాకముందు అవతలి ఒడ్డుకి పోవాలంటే నావే దిక్కు. నావ నడిపే ఆయన్ని మేమంతా నావ తాత అనేవాళ్ళం. రోజూ పొద్దున మొదటి ఎక్కింపుకి ముందు ఆయన ఒక్కడే నావలో కొంతదూరం పోయి వెదురు గడ నీళ్ళలో దించి చూసుకునేవాడు, గడ మీద తడి ఎంతదాకా ఉందో బొటనవేలితో గుర్తు పెట్టుకునేవాడు. నీళ్ళ రంగు చూసేవాడు, ఇసుక పైకి ఉన్నచోట నీళ్ళు లేతగా మారి చిన్న చిన్న ముడతలు పడతాయి. "నిన్న ఇటు నుంచే పోతిమి గదా తాతా" అంటే "నిన్నటి తొవ్వ నిన్నటికే. ఇయ్యాల్టిది ఇయ్యాల చూడాలె" అనేవాడు. అన్నేళ్ళలో ఆయన నదిని తిట్టగా నేను వినలేదు. నదికి నిలకడ లేదని కూడా అనలేదు. అది మారుతుంది కాబట్టే ఆయన రోజూ చూసుకునేవాడు.

2022 తీసుకోండి. ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలు, మా రేవులో కాలు పెట్టే సందు లేదు. అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని మూడు మునకలు వేసింది, నేను జబ్బ పట్టుకుని నిలబడ్డాను. జూలైలో అదే రేవు మెట్లు ఎక్కడున్నాయో కూడా కనపడలేదు, ఊళ్ళలోకి నీళ్ళొచ్చాయి, కింద భద్రాచలంలో గోదావరి 71 అడుగులు దాటింది. మేం రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపోలేదు. వరద తీశాక పోయి చూస్తే మా మేనమామ ఎండాకాలం తర్బూజ తీగలు పెట్టుకునే ఇసుక తిన్నె లేదు, అక్కడ లోతు పాయ ఉంది, తిన్నె వచ్చి దాదాపు ఫర్లాంగు కింద మేట వేసింది. మామ కాసేపు చూసి, వచ్చే ఏడు అక్కడ పెట్టుకుందాం అన్నాడు.

అంతకుముందు 2019లో కింద మేడిగడ్డ దగ్గర బ్యారేజీ వచ్చాక నది మొట్టమొదటిసారి చెరువులా నిలిచింది, ఎండాకాలంలో కూడా అద్దంలా నీళ్ళు. నిశ్చలం అనే మాటని నదికి వాడాల్సి రావడం మాకు అప్పుడే. 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగాక నీళ్ళు వదిలేశారు, మళ్ళీ ఇసుక బయటపడింది, మళ్ళీ పాయలు. మా పిల్లకి గుర్తున్నంత వయసులోనే నది ఇన్ని రూపాలు చూపించింది. 'సతత్ బదల్ణారీ' అని ఊరికే రాయలేదది.

ఇదంతా చూసి కూడా నాకు నదిని చంచలం అనబుద్ధి కావడం లేదు, అమ్మ చెప్పాక అస్సలు కావడం లేదు. జంగమయ్య గుర్తొస్తున్నాడు. జంగమ అనే మాట కూడా చంచలం లాగే పుట్టింది, 'గమ్' అంటే పోవడం, దాన్ని రెండుసార్లు పలికితే జంగమ. పొద్దున్నే గంట ఊపుతూ, శంఖం ఊదుతూ ఇంటి ముందుకొచ్చే జంగమయ్య ఈ రోజు ఈ ఊరు, రేపు ఇంకో ఊరు. ఆయన్ని చంచలుడని ఎవరంటారు? తిరగడం ఆయన ధర్మం. చాటలో బియ్యం తెచ్చి జోలెలో పోసి దండం పెడతాం. మహారాష్ట్రలో ఆస్తి కాగితాల్లో కూడా స్థావర్, జంగమ్ అనే ఉంటుంది, మనం స్థిరాస్తి, చరాస్తి అంటాం. సెల్‌ఫోనుకి జంగమవాణి అని కొందరు, చరవాణి అని కొందరు తెలుగు చేశారు. చంచలవాణి అని ఎవరూ చెయ్యలేదు, చూడండి, తెలియకుండానే తేడా పాటిస్తున్నాం.

ఇక అమ్మ వాడిన మాట, మారుడు. ఇందులోనే సమాధానం అంతా ఉంది. నేను విశేషణం కోసం సంస్కృతంలో వెతుకుతున్నాను, తెలుగు ఆ పని క్రియతోనే చేసేస్తుంది. మారిన నది అంటే మార్పు అయిపోయింది. మారుతున్న నది అంటే ఇప్పుడు జరుగుతోంది, రేపు ఆగినా ఆగొచ్చు, అందుకే పేపర్లో మారుతున్న కాలం, మారుతున్న అలవాట్లు అని శీర్షికలు పెడతారు. మారని నది అంటే మార్పే లేదు. మారే నది అంటే మాత్రం వేరు. పారే నీళ్ళు, ఎగిరే పిట్ట, పూసే చెట్టు, మారే నది. పిట్ట ఈ నిమిషం కొమ్మ మీద కూర్చుని ఉన్నా అది ఎగిరే పిట్టే, చెట్టుకి ఈ నెల పువ్వుల్లేకపోయినా అది పూసే చెట్టే. వ్యాకరణంలో దీనికి తద్ధర్మం అని పేరు. తత్ ధర్మం, దాని ధర్మం. అమ్మ "దాని గుణం" అంది, వ్యాకరణం కూడా అదే అంటోంది, అమ్మ ఏ వ్యాకరణమూ చదవలేదు.

ఇంకా బాగా అనిపించింది ఏంటంటే, మరాఠీలో మా బిడ్డ రాసిన 'బదల్ణారీ' కూడా సరిగ్గా ఇలాంటిదే. వాహణారే పాణీ అంటే పారే నీళ్ళు, ఉడ్ణారా పక్షీ అంటే ఎగిరే పిట్ట, బదల్ణారీ నదీ అంటే మారే నది. రెండు భాషలూ వేరు వేరు కుటుంబాలవి, అయినా ఇక్కడ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నేనే మధ్యలో అనవసరంగా చంచలాన్ని తెచ్చిపెట్టాను.

అయితే మారే ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. రేపు మేం మారే ఇల్లు అన్నా అదే మాట, అక్కడ రాబోయేది చెప్తుంది. కాబట్టి ముందు ఒక మాట తోడు పెట్టుకోవాలి, ఆ తోడు మాటని బట్టి రంగు మారుతుంది. ఎప్పుడూ మారే అంటే అది దాని గుణం. ఎప్పటికప్పుడు మారే అంటే అవసరాన్ని బట్టి, బస్సు టైములు, రూల్సు, ఫోన్లో యాప్‌లు. నానాటికీ మారే అంటే ఒకవైపే పోతోంది, మంచికో చెడుకో. నిత్యం మారే అంటే కాస్త పుస్తకం భాష. మారుతూనే ఉండే అన్నారనుకోండి, ఆ 'నే' దగ్గర గొంతులో కొంచెం అలసట వస్తుంది. ఇక పూట, గడియ వచ్చి కూర్చున్నాయంటే తిట్టే. పూటకో మాట, గడియకో బుద్ధి. అక్కడ మళ్ళీ మనిషి వచ్చాడు, మనిషికి నిలబడాల్సిన మాట ఒకటుంది కాబట్టి. అనువాదం చేసే వాళ్ళకి నాదొక విన్నపం, ఎవరో ఎప్పుడూ మారుతుందన్న దాన్నల్లా చంచలం చెయ్యకండి. ముందు అది తప్పు చేస్తోందా, తన పని తాను చేస్తోందా చూడండి.

మా తాతది ఇంకో కథ, అదీ ఇక్కడ చెప్పాల్సిందే. మా ఇల్లున్న నేల 1860 దాకా నిజాం చేతిలో ఉండేది, తర్వాత ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాలో ఉండేది, 1874లో ఆ జిల్లా రద్దయి సిరొంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. తాత పుట్టింది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, పెళ్ళయింది మధ్యప్రదేశ్‌లో, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. ఇదంతా ఒక్క ఇంట్లోనే, ఒక్క వాకిట్లోనే. అవతలి ఒడ్డున మా నానమ్మ పుట్టిల్లు కూడా అంతే, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ, 2016లో జిల్లా కూడా మారింది. ఎక్కడివాళ్ళు మీరు అని ఎవరైనా అడిగితే తాత రాష్ట్రం పేరు చెప్పేవాడు కాదు. "ప్రాణ్హిత ఒడ్డు" అనేవాడు. అన్ని కాగితాలు మారిపోతుంటే ఆయన ఆనవాలుగా పట్టుకున్నది ఏడాదికోసారి పాయ మార్చుకునే నదిని.

మొన్న ఆదివారం పిల్ల నిబంధ్ పూర్తి చేసింది. అమ్మకి మళ్ళీ చదివి వినిపించాను, ఈసారి "నేను ఎప్పుడూ మారే నదిని" అని. అమ్మ తలూపింది, కానీ ఇంకేదైనా అంటుందేమోనని పిల్ల ఆమె మొహంలోకే చూస్తోంది. ఆ తెలుగు వాక్యం కూడా నోట్సులో కింద రాసుకుంటానంది. దానికి తెలుగు అక్షరాలు రావు, దేవనాగరిలో రాసింది. రాసి తనే చదువుకుని ఆగిపోయింది, "అమ్మా, ఇట్ల రాస్తే 'మారే' అంటే కొట్టుడు లెక్క కనిపిస్తుంది, మార్‌ణే ఉంది గదా" అంది. నిజమే, మరాఠీ కళ్ళతో చూస్తే అక్కడ దెబ్బ కనపడుతుంది. రాసిన ఆ వాక్యం కొట్టేసింది. "తెలుగుల ఎట్ల రాస్తరో చూపెట్టు" అని పెన్ను నా చేతికిచ్చింది.

రెండే అక్షరాలు. మా, రే. పక్కన పెద్దగా రాసి చూపించాను. 'మా' మూడోసారికి వచ్చేసింది. 'రే' గుండ్రంగా రావడం లేదు, ఏత్వం పక్కకి జారిపోతోంది, నాలుగు లైన్లు నింపింది, అమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చి కూర్చుంది.